ఈడు ముదిరిన పెరటి పెట్టలు: పోషణము, పరీక్ష, తుది నిర్ణయము

సేద్యము చేయు కుటుంబములలో నాలుగైదు కోడిపెట్టలైన లేని ఇల్లు అరుదు. ఎద్దు ముసలిదైనప్పుడు రైతు దానిని గూర్చి పది విధముల ఆలోచించును. పాలు మానిన ఆవును గూర్చియు ఇంటివారితో సంప్రదించును. కోడిపెట్ట ముసలిదైన సంగతి మాత్రము ఆతని దృష్టికే రాదు. అది తెల్లవారి గంప ఎత్తగనే బయటికి పోవును, ప్రొద్దు గ్రుంకగనే తిరిగి వచ్చును. అది గ్రుడ్డు పెట్టుచున్నదో లేదో, దాని ఒంటిలో ఏమైన బాధ కలదో చూచువారు లేరు. కడకు దాని విషయమున నిర్ణయము చేయునది రైతు కాదు. కొక్కెర తెగులో, పిల్లియో, సంతకు పోవు బేరగాడో చేయును. ఇందువలన ఇంటికి నష్టము, పెట్టకు బాధ. అంతకంటె పెద్ద కీడు మరియొకటి కలదు. జబ్బుపడిన ముసలి పెట్టను “పోయినకాడికి పోనీ” అని సంతకు పంపినచో, దానితోగూడ తెగులు మరి కొన్ని ఊళ్లకు ప్రయాణము చేయును.

కావున పెట్ట ఆరోగ్యముగ నున్నప్పుడే దానిని చేతితో పరీక్షించి, ఉంచుకొనవలెనా, పొదుగునకు వాడుకొనవలెనా, ఇంటి ఖర్చునకు కోయవలెనా అను విషయమును తేల్చుకొనుట మంచిది. జబ్బు వచ్చిన పిమ్మట ఆలోచించుటకు వ్యవధి ఉండదు.

ముసలి పెట్ట అనగా ఎంత ఈడుది

నాటుపెట్ట ఆరేడు నెలల ఈడున తొలి గ్రుడ్డు పెట్టును. ఒక్కొక్క దఫా పది మొదలు పదునైదు గ్రుడ్లు పెట్టి పొదుగునకు కూర్చుండును. ఏడాదికి ఇట్టి దఫాలు మూడో నాలుగో జరుగును; మొత్తము 50, 60 గ్రుడ్లు వచ్చినచో మంచి పెట్ట యని చెప్పవచ్చును. మొదటి రెండేండ్లు ఈ లెక్క ఇంచుమించుగ నిలుచును. అటుపిమ్మట ఏటేట తగ్గుచు వచ్చి, నాలుగైదేండ్లకు తొలి యేటి గ్రుడ్లలో సగమునకు దిగుట సాధారణము. అయినను పెట్ట అంతటితో చావదు. పిల్లికిని తెగులుకును చిక్కనిచో ఆరు మొదలు ఎనిమిదేండ్లు బ్రదుకును. పదేండ్లు బ్రదికినవియు లేకపోలేదు. అనగా పెట్ట ఆయుష్షులో సగము కాలము, గ్రుడ్డు తక్కువగ పెట్టుచునో, బొత్తిగ పెట్టకయో గడచునదే. ఆ సగమును గూర్చియే ఇక్కడ చెప్పవలసి యున్నది.

గ్రుడ్లు తగ్గుటకు కారణము బీజములు అయిపోవుట కాదు. పెట్టకు సాధారణముగ ఎడమవైపు అండకోశము మాత్రమే పనిచేయును. అందు పుట్టుకతోనే వేలకొలది సూక్ష్మబీజము లుండును. ఈడు ముదిరినకొలది అవి పక్వమగు వేగము మందగించును. అందుచే ముసలి పెట్ట గ్రుడ్డు పరిమాణమున పెద్దదై, పెంకు మాత్రము పలుచనగును, గూటిలోనే పగులును. పగిలిన గ్రుడ్డు రుచి మరిగిన పెట్ట తక్కిన గ్రుడ్లనుగూడ పొడిచి త్రాగ నారంభించును. ఒక పెట్ట నేర్చిన ఈ దురలవాటు గూడంతయు నేర్చుకొనుటకు దినములు పట్టదు.

వ్యాపారముకొరకు పంజరములలో పెంచు పెట్టలు ఏడాదికి 300కు పైబడి గ్రుడ్లు పెట్టును. వానిని సుమారు 72 మొదలు 80 వారముల ఈడున తీసివేయుదురు. ఈ మాట విని కొందరు రైతులు పెరటి పెట్టకును అదే లెక్క వర్తింపజేయుదురు. ఇది పొరపాటు. పంజరపు పెట్ట దినమునకు 8, 9 తులములకు (సుమారు 100 గ్రాములకు) తగ్గక కొన్న మేత తినును. గ్రుడ్డు తగ్గిన దినముననే అది నష్టమును చూపును. పెరటి పెట్ట కళ్లమున రాలిన గింజలు, చెదలు, పురుగులు, గడ్డి మొలకలు ఏరుకొని బ్రదుకును. ఇంటివారు దానికి వేయునది పిడికెడు నూకలో, జొన్నలో మాత్రమే. దాని విలువయు గ్రుడ్డులో కంటె పిల్లలలో ఎక్కువ. మూడేండ్ల పెట్ట గ్రుడ్లు తక్కువ పెట్టినను, 10, 12 గ్రుడ్లను కదలక 21 దినములు పొదిగి, గద్ద నీడ నేలమీద పడగనే కేక పెట్టి పిల్లలను రెక్కల క్రిందికి లాగుకొనగలదు. తొలిసారి తల్లి యైన పెట్టలలో పెక్కింటికి ఆ నేర్పు ఉండదు. లేత పెట్టల గ్రుడ్లను పెద్ద పెట్ట క్రింద పెట్టి పొదిగించుట మంచి పద్ధతి. ముసలి పెట్టల గ్రుడ్లు పొదుగునకు అంతగా పనికిరావు. వానిలో వ్యర్థమగునవి హెచ్చు.

ఈడు గుర్తించుట

ఏ పెట్ట ఏ యేట పుట్టినదో ఇంటి ఆడవారికి తెలియును. మగవారికి సామాన్యముగ తెలియదు. పెట్టలు పదికి మించినప్పుడు వారికిని జ్ఞాపకముండుట కష్టము. ప్రతి సంవత్సరము పుట్టిన పిల్లలకు, అవి పూర్తిగ ఎదిగిన తరువాత, ఒక రంగు గుడ్డపీలిక కాలికి వదులుగ కట్టినచో ఈ చిక్కు తీరును. ఒక యేడు ఎరుపు, మరు యేడు పసుపు, ఆపైని నీలము. పిల్లగ నున్నప్పుడు కట్టరాదు. కాలు లావెక్కినకొలది పీలిక చర్మములోనికి కోసికొనిపోయి పుండగును. కట్టిన తరువాతను అప్పుడప్పుడు వ్రేలు దూర్చి చూచుచుండవలెను.

గుర్తు లేని పెట్టను కొన్నప్పుడు దాని కాళ్లను చూడవలెను. లేత పెట్ట కాలిపొలుసులు నునుపుగ, దగ్గరగ అంటుకొని యుండును. ముదురు పెట్టకు అవి గరుకుగ లేచియుండును. ముసలి పెట్టలలో కొన్నింటికి కాలి వెనుక చిన్న ముల్లు పెరుగును. రొమ్ము ఎముక కడకొన లేతదానికి మెత్తగ వంగును, ముదిరినదానికి గట్టిపడి వంగదు. గోళ్లు పొడవై వంకర తిరుగుట గూడ ఒక గుర్తే. కాని ఎప్పుడును మెత్తని నేలమీద తిరుగు పెట్టకు లేతవయస్సుననే గోళ్లు పెరుగవచ్చును. కాబట్టి ఒక్క గుర్తు నమ్మి బేరము చేయరాదు.

చేతి పరీక్ష

పరీక్షకు రాత్రివేళ తగినది. చీకటిలో పెట్ట బెదరదు; తరిమి పట్టుకొనవలసిన పని లేదు. దీపమును దూరముగ నుంచి, రెక్కలు రెండును అదిమిపట్టి మెల్లగ ఎత్తవలెను. ఎత్తగనే బరువు తెలియును. రొమ్ము ఎముకకు ఇరువైపుల మాంసము నిండియున్నదో, ఎముక కత్తివలె చేతికి తగులుచున్నదో వ్రేళ్లతో తడిమి చూడవలెను. కత్తివలె తగిలినచో ఆ పెట్ట ముసలితనముచేతగాక, కడుపులో ఏలికపాములచేతనో, తిండి దొరకకయో చిక్కినదేమో యని ముందుగ అనుమానింపవలెను.

పిమ్మట గ్రుడ్డు వెలువడు ద్వారమును చూడవలెను. గ్రుడ్లు పెట్టుచున్న పెట్టకు అది వెడల్పై, తడిగ, మెత్తగ నుండును. మానిన పెట్టకు చిన్నదై, పొడిగ, ముడుచుకొని యుండును. ద్వారమునకు ఇరువైపుల సన్నని రెండు ఎముకల కొనలు చేతికి తగులును. వాని నడుమ రెండు మూడు వ్రేళ్లు పట్టినచో పెట్ట గ్రుడ్డు మీద ఉన్నదనియు, ఒక్క వ్రేలు మాత్రమే పట్టినచో మానినదనియు గ్రహింపవలెను. ఆ ఎముకలకును రొమ్ము ఎముక కొనకును నడుమనున్న పొట్ట మెత్తగ, సాగుచు ఉండుట మంచి గుర్తు. తలపై జుట్టు ఎర్రగ, నిండుగ, వెచ్చగ నున్న పెట్టయు, పాలిపోయి ముడుచుకొన్న జుట్టు గల పెట్టయు ఒకటి కావు.

అయితే గ్రుడ్డు మానిన ప్రతి పెట్టయు ముసలిది కాదు. ఇక్కడనే ఎక్కువమంది పొరపడుదురు. పొదుగున కూర్చున్న పెట్ట గ్రుడ్డు పెట్టదు. పిల్లలను తిప్పుచున్న పెట్టయు కొన్ని వారములు పెట్టదు. వానకాలము వెళ్లి పగటి వేళ తగ్గుచు వచ్చు దినములలో పెట్టలు ఈకలు రాల్చి క్రొత్తవి వేసికొనును. ఈ పని రెండు మూడు నెలలు పట్టును. అప్పుడు మెడయు వీపును బోడియై, చూచుటకు చావు దగ్గరపడినట్లు కనబడును. తినిన సత్తువంతయు ఈకలకే పోవుటచేత గ్రుడ్లు నిలిచిపోవును. ఆ కాలమున నాలుగు దినములు ఎక్కువ మేత వేసి ఓపిక పట్టవలెనే కాని, పనికిరానిదని నిర్ణయింపరాదు. పేలు పట్టిన పెట్టయు, ఎండకు సొమ్మసిల్లిన పెట్టయు, నీరు చాలని పెట్టయు గ్రుడ్లు మానును. గ్రుడ్డు పెట్టుట లేదని కోసిన పెట్ట కడుపులో, చిన్నవి పెద్దవి వరుసగ పసుపు సొనలు గుత్తివలె బయటపడుట పల్లెలలో పలువురు చూచినదే. ఆ గుత్తిని చూచిన ఇల్లాలు ఆ పూట అన్నము సరిగా తినదు.

కావున ఒక్క మాటు చూచి తేల్చక, మూడు నాలుగు వారముల ఎడముగ రెండు మారులు చూడవలెను. రెండవ మారును ద్వారము ముడుచుకొనియే యున్నచో, పెట్ట పొదుగుమీదను ఈకలు రాల్చుటయందును లేనిచో, ఈడు నాలుగేండ్లకు మించినచో, దాని గ్రుడ్ల కాలము ముగిసిన దనుకొనవచ్చును.

పోషణము

ఉంచుకొనదలచిన ముసలి పెట్టకు ప్రత్యేకమైన ఖర్చేమియు లేదు. కొంచెము శ్రద్ధ కావలెను.

లేత పెట్టలు ముసలిదానిని మేతకాడ పొడిచి తరుముట సహజము. పిడికెడు గింజలు దానికి వేరుగ, గోడవారగ వేయుట చాలును. గింజ నములుటకు కోడికి పండ్లు లేవు; కందనకాయలోని చిన్న రాళ్లే ఆ పని చేయును. గూటిలో మూసియుంచిన పెట్టకు ముతక ఇసుక దొరకునట్లు చూడవలెను. గ్రుడ్డు పెట్టు పెట్టలకు నత్తగుల్లలనో, ఆలుచిప్పలనో పొడిచేసి వేరొక చిప్పలో ఉంచవలెను, మేతలో కలుపరాదు. కావలసిన పెట్ట తానే తినును. గ్రుడ్డు మానినదానికి సున్నము అతిగ చేరినచో మూత్రపిండములు చెడును. మునగాకు, కూరాకు తుంపులు అన్నిటికిని మంచివి.

దండెము ఎత్తుగ నున్నచో బరువెక్కిన ముసలి పెట్ట దానిమీదినుండి దుముకునప్పుడు అరికాలు చితికి గడ్డ కట్టును. నేలకు ఒకటి, ఒకటిన్నర అడుగుల ఎత్తున, ముల్లును పగులును లేని కర్ర అమర్చిన చాలును. కాలిపొలుసులు తెల్లగ లేచి, పొట్టువలె పొరలు కట్టినచో అది ముసలితనము కాదు, కంటికి కనబడని పురుగు కలిగించు గజ్జి. దానికి కొందరు కిరసనాయిలు పూయుదురు. చర్మము కాలి పెట్ట బాధపడును. కాళ్లను గోరువెచ్చని నీట నానబెట్టి, తుడిచి, వేపనూనెనో, కొబ్బరినూనెనో మందముగ పూయుచు వచ్చినచో పురుగు ఊపిరాడక చచ్చును. కొన్ని వారములు పట్టును. పొలుసులను గోటితో పెరుకరాదు. పేలకు బూడిదయు ఇసుకయు కలిపిన గుంట ఒకటి నీడపట్టున ఉంచినచో పెట్టలు తామే పొర్లాడి దులుపుకొనును. గూటి సందులలో దాగు పురుగునకు మాత్రము గూటిని కడిగి, ఎండబెట్టి, సున్నము కొట్టుటయే మందు.

తెలంగాణ ఎండలు ముసలి పెట్టలకు తెగులు వంటివే. కోడికి చెమట పట్టదు. నోరు తెరచి రొప్పుటచేతనే వేడిని వెలిబుచ్చును. మధ్యాహ్నము రేకుల కప్పు క్రింద మూసియుంచిన బరువైన పెట్ట సాయంకాలమునకు బ్రదికియుండుట కష్టము. చెట్టునీడయు, మట్టిమూకుడులో దినమునకు రెండు మారులు మార్చిన చల్లని నీరును ఉండవలెను.

ముసలి పెట్టలకు వచ్చు జబ్బులలో పొట్ట ఉబ్బుట ముఖ్యమైనది. సొన దారి తప్పి కడుపులో పడి కుళ్లుటవలననో, అండకోశమున కంతి పెరుగుటవలననో పొట్ట నీటితిత్తివలె నిండి, పెట్ట నిటారుగ నిలిచి, కాళ్లు ఎడము చేసి నడచును. కోడిజాతిలో అండకోశపు కంతులు ఈడు ముదిరినకొలది అధికముగ కనబడును. దీనికి ఇంటివైద్యము లేదు. కొన్నిదినములు బాగున్నట్లుండి మరల ఉబ్బును. గ్రుడ్డు అడ్డుపడుట వేరు. అప్పుడు పెట్ట గూటికి మాటిమాటికి పోయి ముక్కుచుండును, తోక ఆడించుచుండును. దాని క్రిందిభాగమును ఒక పావుగంట గోరువెచ్చని నీట ఉంచి, ద్వారమునకు నూనె రాచి, చీకటిగదిలో వదలినచో పెక్కుసార్లు గ్రుడ్డు వెలువడును. లోపల గ్రుడ్డును పగులగొట్టి లాగుట ప్రమాదము, పశువైద్యునికి చూపవలెను.

నిర్ణయము చేయుట

పెట్టలు సామాన్యముగ ఇంటి ఆడవారి సొత్తు. ఉప్పు, పప్పు, పిల్లవాని పలక, పుట్టింటికి పోవు బండి కేవు, ఇవన్నియు గ్రుడ్లమీదనే జరిగిన ఇండ్లు అనేకము. యజమాని వారిని అడుగక బేరగానికి పెట్టను అప్పగించుట ధర్మము కాదు, లాభమును కాదు. ఏ పెట్ట ఎన్ని పిల్లలను దక్కించినదో, ఏది పొదుగున లేచిపోవునో, ఏది ఊరకుక్కకు ఎదురుపోవునో వారికే తెలియును. నాలుగేండ్ల పెట్టయైనను క్రిందటి యేట పదింటిలో ఎనిమిది పిల్లలను పెంచి యిచ్చినచో దానిని మరియొక యేడు ఉంచుట లాభము. మూడేండ్లదే అయినను రెండు పొదుగులు చెడగొట్టినదానిని ఉంచుటలో అర్థము లేదు.

సంవత్సరమునకు రెండు పర్యాయములు, ఈకలు వేసికొనుట ముగిసిన తరువాత ఒకమారు, వేసవి ప్రారంభమునకు ముందు ఒకమారు, పెట్టలను చూచి తీర్మానించుకొనుట అనుకూలము. వేసవిలో మేత తక్కువ, నీటి యెద్దడి యెక్కువ. ముసలివి ఆ కాలమున తామే చచ్చును. ఆషాఢమాసమున పోచమ్మకును మైసమ్మకును బోనాలు చేయు ఇండ్లలో మొక్కుకొన్న కోడి వేరుగ నుండును. దానిని లెక్కలోనికి తీసికొనరాదు. అయితే మొక్కు కోడియని సంవత్సరమంతయు జబ్బుతో పడియుండ నిచ్చుట భక్తి కాజాలదు.

కోడిని చంపని కుటుంబములును, ఇన్నేండ్లు పెంచినదానిమీద చేయి రాదనువారును కలరు. వారు పెట్టను కడవరకు ఉంచుకొనవచ్చును. అందు తప్పేమియు లేదు. గూడు మాత్రము ఇరుకు గాకుండ చూచుకొనవలెను. ప్రతి యేడు క్రొత్త పిల్లలు చేరుచు, పాతవి పోక, గూడు క్రిక్కిరిసినచో పేలును తెగులును అన్నిటికిని వచ్చును. పాతవానిని ఎన్నింటిని ఉంచగలరో అన్ని క్రొత్త పిల్లలను తగ్గించుకొనవలెను. కొందరు తమ చేత చంపుట ఇష్టములేక పెట్టను ఊరి బయట వదలుదురు. ఇది అన్నిటికంటె నిర్దయ. గంప క్రింద పెరిగిన పెట్ట ఆ రాత్రియే నక్కకు చిక్కును.

ఆరోగ్యముగ నున్న ముసలి పెట్టను ఇంటి ఖర్చునకు కోయుట సర్వసాధారణము. దాని మాంసము గట్టిదని విడువ నక్కరలేదు. ఈడుతోబాటు కండరములను కట్టియుంచు నారలు గట్టిపడుటచేత మాంసము ఉడుకుటకు కాలము పట్టును, అంతే. మట్టికుండలో సన్ననిసెగపై రెండు మూడు గంటలు ఉడికించి పులుసు పెట్టినచో లేతకోడికి లేని రుచి వచ్చును. పచ్చి బొప్పాయి ముక్కలను నూరి పట్టించినచో త్వరగ మెత్తబడును. కోయుటకు ముందు పది పండ్రెండు గంటలు మేత ఆపి నీరు మాత్రమే ఉంచవలెను.

అమ్మదలచినచో, ఈడు దాచక, పొదుగునకు పెట్టను కోరు తెలిసిన ఇంటికి అమ్ముట మంచిది. కాళ్లు కట్టి బండికి తలక్రిందులుగ వ్రేలాడదీసి సంతకు కొనిపోవుట ఎన్నటినుండియో ఉన్న చెడ్డ అలవాటు. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము జంతువులను అనవసరమైన బాధ కలుగునట్లు మోసికొనిపోవుట నేరము. అందు పక్షులును చేరును. చట్టము మాట యటుండగా, బుట్టలో పెట్టి తీసికొనిపోవుట కష్టమైన పని కాదు.

జబ్బుపడిన పెట్ట

ఇక్కడ రైతు రెండు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ జబ్బు ఒక్కదానిదా, లేక అంటుకొనునదా? ఇది మరల కోలుకొనునా?

పచ్చగ, తెల్లగ పారుట, నోరు తెరచి గురకపెట్టుట, మెడ మెలి తిరుగుట, కాలో రెక్కో పడిపోవుట కొక్కెర తెగులు గుర్తులు. మనదేశమున దీనిని 1927 ప్రాంతమున కుమావూ కొండలలోని రాణిఖేత్ అను చోట గుర్తించుటచేత ఆ పేరనే రాణిఖేత్ వ్యాధి యని పిలుతురు. ఈ తెగులునకు మందు లేదు. ముందుగ టీకా వేయించుటయే గతి. పశువైద్యశాలలలో ఈ టీకా దొరకును. ముసలివాటికి ఎందుకని వానిని మాత్రము విడుచుట తప్పు. ఒక్క టీకాలేని పెట్ట చాలు, తెగులు గూటిలో ప్రవేశించుటకు. ఇక గుర్తులు స్పష్టముగ లేకయే ఒకటి రెండు దినములలో అనేక కోళ్లు చచ్చినచో, వానిని చేతితో ముట్టక వెంటనే పశువైద్యునికి తెలుపవలెను. 2006 సంవత్సరమున మహారాష్ట్రమందలి నవాపురమున బర్డ్ ఫ్లూ మొదటిసారి మనదేశమున బయటపడెను. అది అరుదుగ మనుష్యులకును సోకును.

అట్టి పెట్టను బేరగానికి అమ్మరాదు, తినరాదు, పొరుగువారికి ఈయరాదు. “ఎటులను చచ్చునది, నాలుగు డబ్బులు వచ్చిన చాలు” అని అమ్మినవాని గూటికే ఆ తెగులు మరుసటి సంతనాడు తిరిగి వచ్చును.

అంటుకొననిదై, కోలుకొనని జబ్బైనచో, పెట్ట ఎంత బాధపడుచున్నదో చూడవలెను. కోడి తన నొప్పిని దాచును. గుంపులో బలహీనముగ కనబడినదానిని తక్కినవి పొడుచుటయే అందుకు కారణము. కాబట్టి మనుష్యుని కంటికి జబ్బు కనబడు నాటికి అది చాలదూరము వచ్చియుండును. ఒక దినము మేత ముట్టనిది మరునాడు తినవచ్చును. రెండు దినములు మేతయు నీరును ముట్టక, దండెమెక్కలేక, కన్నులు మూసికొని, ఈకలు ఉబ్బించుకొని మూల కూర్చున్న పెట్టను, లేవదీసినను నిలువలేనిదానిని, ఇంకను ఉంచుట దయ కాదు. పశువైద్యుడు దగ్గర నున్నచో ఆయనకు చూపవలెను. సూదిమందుతో ప్రాణము తీసినచో ఆ దేహమును కుక్కలకును గద్దలకును దొరకనీయరాదు. ఆ మందు వానినిగూడ చంపును.

వైద్యుడు దొరకనిచో ఇంటిలో అనుభవముగల పెద్దవాడే ఆ పని చేయవలెను. పిల్లలచేత చేయింపరాదు, తక్కిన కోళ్ల యెదుటను చేయరాదు. రెక్కలు కదలకుండ పెట్టను గుడ్డతో చుట్టి, కొంతసేపు నీడలో నెమ్మదిపడనిచ్చి, ముందుగనే నూరి ఉంచిన కత్తితో దవడ క్రింద మెడకు ఇరువైపులనున్న రక్తనాళములు ఒక్క కోతతో తెగునట్లు చేయవలెను. మొద్దుకత్తితో రెండు మూడు మారులు కోయుట పాపము. మెడ విరుచు నేర్పు గలవారు అట్లు చేయవచ్చును. నేర్పు లేనివారు ప్రయత్నింపరాదు. ప్రాణము పోయిన తరువాతను ఒకటి రెండు నిమిషములు రెక్కలు కొట్టుకొనును. అది నరముల చలనమే కాని బాధ కాదు. నీట ముంచుటయు, బ్రదికియుండగ పూడ్చుటయు, విషము పెట్టుటయు చేయరాదు.

జబ్బుతో చచ్చిన, చంపిన పెట్టను పెంటకుప్పపై వేయరాదు. చెరువులోను కాలువలోను పడవేయరాదు. బావికి దూరముగ మూడు నాలుగు అడుగుల లోతు గుంట త్రవ్వి, సున్నము చల్లి పూడ్చవలెను, లేదా కాల్చవలెను. చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. ఆ పెట్ట కూర్చున్న దండెమును, మూకుడును కడిగి ఎండలో ఉంచి, గూటికి సున్నము కొట్టవలెను. దాని స్థానమున క్రొత్త పెట్టను కొనితెచ్చినచో, 21 దినములు వేరొక గంప క్రింద, వేరు మూకుడుతో ఉంచి, పాతవానికి మేత వేసిన తరువాతనే దానికి వేయుచు, జబ్బేమియు కనబడకున్న పిమ్మట గూటిలోనికి విడువవలెను.